పని కనబడే గోడ

మగ్గం మీద నేత ఎంతవరకు వచ్చిందో, కట్టుబడి గోడ ఎన్ని వరసలు లేచిందో, నాట్లు ఎన్ని మళ్ళకు పూర్తయ్యాయో చూసినవారెవరికైనా తెలుస్తుంది. కానీ ఒక ఆఫీసులో ఎన్ని ఫైళ్ళు ఏ బల్ల మీద ఆగి ఉన్నాయో, ఒక సాఫ్ట్‌వేర్ బృందం చేతిలో సగం చేసి వదిలిన పనులు ఎన్ని ఉన్నాయో, బయటివారికే కాదు, లోపల కూర్చుని ఆ పని చేస్తున్నవారికి కూడా తరచుగా తెలియదు. కంటికి ఆనని ఈ పనిని చీటీల రూపంలో నలుగురూ చూసే బోర్డు మీదికి తెచ్చి, అది ఒక దశ నుంచి మరొక దశకు ఎలా సాగుతోందో, ఎక్కడ నిలిచిపోతోందో అందరికీ ఒకేసారి తెలిసేలా చేసే పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతటా కన్‌బాన్ అనే జపాను పేరుతో పిలుస్తున్నారు. జపాను భాషలో ఆ మాటకు అంగడి ముందు పెట్టే పేరుపలక అని వాడుక అర్థం.

ఈ పద్ధతి పుట్టింది టయోటా కార్ల కర్మాగారంలో. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన నాటికి ఆ కంపెనీకి ఒకే రకం కార్లను లక్షల సంఖ్యలో అమ్ముకోగల మార్కెట్టు గానీ, విడిభాగాలను గోదాముల్లో గుట్టలు పోసి ఉంచుకోగల పెట్టుబడి గానీ లేవు. యంత్రశాల బాధ్యత చూస్తున్న తైయిచి ఓనో దృష్టి అమెరికా సూపర్ మార్కెట్ల మీద పడింది. అక్కడ కొనేవారు తమకు కావలసిన వస్తువును కావలసినప్పుడు కావలసినంత తీసుకుంటారు, అర ఖాళీ అయిన మేరకే మళ్ళీ నిండుతుంది. కర్మాగారంలో కూడా తరువాతి దశవారిని కొనుగోలుదారులుగా, ముందరి దశవారిని అంగడివారుగా భావిస్తే, ఎవరూ అడగని సరుకు తయారై పేరుకుపోయే అవసరం ఉండదని ఆయన గ్రహించారు. 1953లో ప్రధాన కర్మాగారపు యంత్రశాలలో మొదలైన ఈ ఏర్పాటు 1962లో కంపెనీ అంతటికీ విస్తరించింది. దానిని నడిపించిన సాధనం వినైల్ తొడుగులో పెట్టిన ఒక చిన్న కాగితం మాత్రమే: ఏ భాగం, ఎన్ని కావాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలి అన్న వివరాలు దాని మీద ఉంటాయి, ఆ చీటీ చేతికి రానిదే కొత్త భాగం తయారు చేయకూడదు, కదిలించకూడదు.

ఈ నియమంలోని బలం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఒంటి లైను రైలు మార్గాల్లో ఒక స్టేషన్ నుంచి తరువాతి స్టేషన్ వరకు ఉన్న సెక్షన్‌లోకి వెళ్ళాలంటే డ్రైవర్ చేతిలో టోకెన్ ఉండాలన్న పద్ధతి మన రైల్వేలలో దశాబ్దాల పాటు సాగింది. వేగం తగ్గించి స్టేషన్ దాటుతున్న ఇంజన్‌లోని సిబ్బందికి, సంచి కట్టిన పెద్ద వలయాన్ని ప్లాట్‌ఫారం మీది ఉద్యోగి చేయి చాచి అందించే దృశ్యం పాతతరం ప్రయాణికులకు గుర్తుండే ఉంటుంది. ఆ సంచిలో ఉండే లోహపు గోళమే టోకెన్. ఒక టోకెన్ బయట ఉండగా యంత్రం రెండోది ఇవ్వదు కనుక ఆ సెక్షన్‌లో రెండు రైళ్ళు ఎదురుపడే వీలుండదు. రైల్వేలకు ఇది ప్రాణరక్షణకు సంబంధించిన విషయం కాగా కన్‌బాన్‌కు పని సాఫీగా సాగడానికి సంబంధించిన విషయం, అయినా దారి ఖాళీ కానిదే కొత్తది లోపలికి రాకూడదన్న సూత్రం రెండింటికీ ఒకటే.

కర్మాగారంలోని ఈ సూత్రం ఆఫీసు బోర్డు మీద ఎలా పనిచేస్తుందో ఒక చిన్న పుస్తక ప్రచురణ సంస్థను ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. గోడ మీది తెల్లబోర్డును నిలువు గళ్ళుగా గీసి, ఎడమ నుంచి కుడికి రాతప్రతి, టైపు, ప్రూఫు, పేజీల అమరిక, అచ్చు, విడుదల అని పేర్లు రాస్తారు. ప్రతి పుస్తకానికీ ఒక చీటీ రాసి, అది ఏ దశలో ఉంటే ఆ గడిలో అంటిస్తారు. చీటీ మీద పుస్తకం పేరు, అది బోర్డు మీదికి వచ్చిన తేదీ, ప్రస్తుతం చూస్తున్నవారి పేరు ఉంటాయి. వారం తిరిగేసరికి, టైపు గడి దాదాపు ఖాళీగా ఉన్నా ప్రూఫు గడిలో ఏడు చీటీలు ఒకదాని మీద ఒకటి చేరడం అందరికీ కనబడుతుంది. అంతకుముందు ఆలస్యానికి టైపు చేసేవారిని తొందరపెట్టిన సంస్థకు, వారు ఎంత వేగంగా చేస్తే ప్రూఫు దగ్గర అంత ఎక్కువ పేరుకుంటుందని అప్పుడు బోధపడుతుంది. ఇక్కడే టోకెన్ సూత్రం అవసరమవుతుంది: ప్రూఫు గడి తల మీద 3 అన్న అంకె వేసి, మూడు చీటీలకు మించి ఆ గడిలోకి రాకూడదని నిర్ణయిస్తే, టైపు చేసేవారు నాలుగో పుస్తకాన్ని అటు నెట్టలేరు కనుక, చేతనైతే ప్రూఫు దిద్దడంలోనే సాయపడతారు. చాలా సంస్థలు బోర్డు పెడతాయి కానీ ఈ అంకె వేయవు. అలాంటి బోర్డు పనుల పట్టికగా మాత్రమే మిగులుతుంది.

అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పే గణిత సూత్రం ఒకటుంది. అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఆ సూత్రం ప్రకారం, నిలకడగా సాగే ఏ వరుసలోనైనా ఒక్కొక్కటి గడిపే సగటు కాలాన్ని, లోపల ఉన్న వాటి సగటు సంఖ్యను అవి పూర్తయి బయటికి వెళ్ళే వేగంతో భాగించి తెలుసుకోవచ్చు. పై సంస్థ చేతిలో 12 పుస్తకాలు ఉండి, నెలకు 2 విడుదలవుతుంటే, ఒక్కో పుస్తకానికి సగటున 6 నెలలు పడుతుంది. విడుదల వేగం అంతే ఉండగా చేతిలో 6 పుస్తకాలే పెట్టుకుంటే 3 నెలలు చాలు. ఎవరూ ఒక్క గంట ఎక్కువ పని చేయనక్కర్లేదు.

కంప్యూటర్ రంగానికి ఈ ఆలోచన వచ్చిన దారిలో హైదరాబాద్ కూడా ఉండడం తెలుగువారు తెలుసుకోవలసిన సంగతి. 2004లో మైక్రోసాఫ్ట్ సంస్థ లోపల వాడుకునే అప్లికేషన్లలో చిన్న చిన్న మార్పులు, దిద్దుబాట్లు చేసే బృందం హైదరాబాద్ నుంచి పని చేసేది. అడిగిన మార్పు చేతికి రావడానికి సగటున ఐదు నెలలు పట్టేది. సాఫ్ట్‌వేర్ నిర్వహణ నిపుణుడు డేవిడ్ ఆండర్సన్ సలహాతో బృందం పని తీరును పరిశీలించినప్పుడు, కొత్త అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ దానికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికే డెవలపర్ల, టెస్టర్ల కాలంలో పెద్ద భాగం ఖర్చవుతోందని తేలింది. అంచనాలు మానేశారు, ఒకసారికి కొన్ని పనులే లోపలికి తీసుకుని, ఒకటి పూర్తయి చోటు ఖాళీ అయ్యాకే తరువాతి దానిని వరుసలోకి ఎంచుకునే ఏర్పాటు చేశారు. తరువాత కొద్దిమందిని చేర్చిన మాట నిజమే గానీ, పద్ధతి మారడంతోనే మెరుగుదల మొదలయింది. 2005 చివరికి సగటు కాలం రెండు వారాలకు దిగింది. ఆ బృందానికి గోడ మీద బోర్డు లేదు, వరుస అంతా కంప్యూటర్‌లోనే ఉండేది. చీటీలు అంటించిన గోడ బోర్డు 2007లో సియాటిల్‌లోని కోర్బిస్ సంస్థలో ఆండర్సన్ చేసిన పనితో ప్రచారంలోకి వచ్చింది.

పారదర్శకత అన్న మాటను చాలా జాగ్రత్తగా వాడవలసిన చోటు ఇక్కడే వస్తుంది. బోర్డు చూపవలసింది పనిని, మనిషిని కాదు. ఎవరి పేరు మీద ఎన్ని చీటీలు కదిలాయో లెక్కపెట్టి జీతం పెంపుతో ముడిపెట్టిన మరుక్షణం నుంచి ఒక పెద్ద చీటీ నాలుగు చిన్న చీటీలవుతుంది, ఆగిపోయిన పని జరుగుతున్నట్టు కనబడుతుంది, కష్టమైన పనిని ఎవరూ ముట్టుకోరు. ఇక గోడ మీద ఉన్నదానికీ బల్ల మీద ఉన్నదానికీ పొంతన ఉండదు. ఈ ప్రమాదానికి మందు టయోటా కర్మాగారంలోనే ఉంది. అక్కడ తలపైన వేలాడే ఆండాన్ అనే దీపాల బోర్డుకు ఆ పేరు కాగితపు లాంతరును సూచించే పాత జపాను మాట నుంచి వచ్చింది. లోపం కనబడగానే కార్మికుడు పక్కనున్న తాడు లాగుతాడు, దీపం వెలుగుతుంది, బృంద నాయకుడు అతని దగ్గరికి సాయానికి వస్తాడు. నిర్ణీత వ్యవధిలో సరికాకపోతే లైనే ఆగుతుంది. తాడు లాగినవాడిని తప్పుపట్టకపోవడం ఆ ఏర్పాటుకు ప్రాణం. తప్పుపడితే రెండోసారి ఎవరూ తాడు ముట్టుకోరు, దీపం వెలగదు, లోపం కారుతో పాటు కొనుగోలుదారు ఇంటికి చేరుతుంది. ఆఫీసు బోర్డు మీద ఆ తాడు పని చేసేది ఎర్ర చుక్క: పని ఆగిన చీటీ మీద దానిని అంటించి, ఏ రోజు నుంచి, ఎవరి జవాబు కోసం ఆగిందో కింద రాస్తారు. పై అధికారి సంతకం కోసమే ఆగిన చీటీల మీద కూడా అంతే ధైర్యంగా ఎర్ర చుక్క పెట్టగలిగిన చోట మాత్రమే ఆ బోర్డు నిజం చెబుతుంది.

బోర్డు ముందు ఉదయం పావుగంట నిలబడి మాట్లాడుకోవడం ఇప్పుడు చాలా బృందాలకు అలవాటు. నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు అని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళితే అది హాజరు పిలవడంలా మారుతుంది, అడిగించుకునేవారు సంజాయిషీ చెప్పుకునే స్వరంలోకి వెళతారు. అనుభవమున్న బృందాలు బోర్డును కుడి చివర నుంచి ఎడమకు చదువుతాయి: విడుదలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చీటీ మీద ముందుగా వేలు పెట్టి, ఇది ఈ రోజు గడి దాటడానికి ఏం కావాలి, ఎవరు చేయి వేయగలరు అని అడుగుతాయి, ఆ తరువాతే దాని ఎడమ పక్కనున్న చీటీ వంతు వస్తుంది.