రాబిన్సన్ ఆడిన చోట ఇప్పుడు ఇళ్లు!

జెర్సీ సిటీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు జర్నల్ స్క్వేర్ కొత్త కాదు. పాత్ రైలు దిగి, నెవార్క్ అవెన్యూలో పప్పులు, పచ్చళ్లు, కూరగాయలు కొనుక్కుని, పనిలో పనిగా ఓ దోసె తిని ఇంటికి చేరుతుంటాం. ఆ స్టేషన్ ముందే 1998లో ఒక కంచు విగ్రహం పెట్టారు. సంచులు మోసుకుంటూ పక్కనుంచే వెళ్లినా, అదెవరిదని ఆగి చూసేవాళ్లం తక్కువే.

అది బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్‌ది. ఆయనకు ఈ ఊరితో ముడివేసింది రూజ్‌వెల్ట్ స్టేడియం.

టికెట్లు ఎక్కువ, సీట్లు తక్కువ

మహా మాంద్యం రోజుల్లో పనుల్లేనివారికి ఉపాధి చూపించే ప్రభుత్వ పథకం కింద, ఊరికి పడమర నెవార్క్ బే ఒడ్డున ఈ స్టేడియం కట్టారు. 1937లో తెరిచి, అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పేరు పెట్టారు. ఆ రోజుల్లో మేయర్ ఫ్రాంక్ హేగ్ మాటకు ఊళ్లో తిరుగులేదు. సీజన్ తొలి ఆట వచ్చిందంటే సిటీ ఉద్యోగులు టికెట్లు కొనాల్సిందే! 1946లో సుమారు 25 వేల సీట్లకు 50 వేల పైచిలుకు టికెట్లు అమ్మారు.

ఆ ఒక్క మధ్యాహ్నం

1946 ఏప్రిల్ 18. అప్పటికి అర్ధశతాబ్దానికి పైగా నల్లజాతి ఆటగాళ్లను తెల్లవారి బేస్‌బాల్ లీగుల్లోకి రానివ్వలేదు. రాతలో లేకపోయినా ఆ నియమాన్ని అందరూ పాటించారు. బ్రూక్లిన్ డాడ్జర్స్ అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్ తరఫున రాబిన్సన్ ఆ రోజు ఇక్కడ బరిలోకి దిగాడు.

మొదటిసారి బ్యాటు పట్టి అవుటయ్యాడు. రెండోసారి మాత్రం బంతి కంచె దాటింది. మన క్రికెట్‌లో సిక్సర్ లాంటి ఆ హోమ్ రన్‌తో జట్టుకు మూడు పరుగులొచ్చాయి. తిరిగొచ్చిన రాబిన్సన్‌కు తెల్లజాతి సహచరుడు జార్జ్ షూబా చేయి చాచి కరచాలనం చేశాడు. ఆ ఫొటో చరిత్రలో నిలిచిపోయింది. రాబిన్సన్ మొత్తం నాలుగు హిట్లు కొట్టాడు. పిచర్ కళ్లుగప్పి రెండుసార్లు బేస్ కొట్టేశాడు. మాంట్రియల్ 14-1తో గెలిచింది. మరుసటేడు ఆయన డాడ్జర్స్‌లో చేరాడు.

మిగిలింది విగ్రహమే

డాడ్జర్స్ 1956, 57లలో తమ సొంత మ్యాచుల్లో 15 ఇక్కడే ఆడి, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయారు. 1970లలో పాటల కచేరీలు కూడా జరిగాయి. చివరకు 1985లో స్టేడియాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో సొసైటీ హిల్ పేరుతో ఇళ్లు వెలిశాయి.

ఇదంతా మనకెందుకు అనుకోవచ్చు. ఆట మానేశాక రాబిన్సన్ పౌర హక్కుల ఉద్యమంలో నడిచాడు. ఆ ఉద్యమ వేడిలోనే 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో కొత్త వలస చట్టం వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని ఆ రెండో చట్టం తీసేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి పెద్ద సంఖ్యలో రాగలిగింది ఆ తర్వాతే. ఒక్క ఆటతోనే అంతా మారిందని కాదు. కానీ మనం నడిచొచ్చిన బాటలో ముళ్లు ఏరినవాళ్లలో ఆయనా ఒకడు.

ఈసారి సరుకులకు వెళ్లినప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళదాం. విగ్రహం దగ్గర సంచులు ఓ నిమిషం కిందపెట్టి, ఈ కథ చెబుదాం.