మీకు తెలుసా? చిన్న జట్లు చేసిన పెద్ద గేమ్‌లు

టాటా ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల మనవలు ఇప్పుడు సోనారి, కదమా ఇళ్లలో ఫోన్ పట్టుకుని గేమ్‌లు ఆడుతున్నారు. ఆడటమే కాదు, తయారుచేయడమూ వాళ్లకు చేతనవుతుంది. నమ్మకం కుదరాలంటే ఈ సంగతులు చదవండి.

• హైదరాబాద్‌లో జైనుద్దీన్ ఫహద్ స్థాపించిన ఓగర్ హెడ్ స్టూడియో ఓ చిన్న జట్టు. 2017 మార్చిలో ఆ జట్టు, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ‘అసుర’ను విడుదల చేసింది. మన పురాణాల ఛాయలున్న కత్తియుద్ధాల గేమ్ అది.

• ‘అసుర’ను ఎన్నిసార్లు మొదలుపెట్టినా దారులు ఒకేలా ఉండవు. హీరో నేర్చుకునే విద్యల వరస కూడా ప్రతిసారీ మారిపోతుంది. నిన్న అక్కరకొచ్చిన ఎత్తు ఇవాళ అదే చోట దొరకదు. దీన్నే ప్రొసీజరల్ జనరేషన్ అంటారు. ప్రతి గదినీ చేత్తో గీసేంత మంది లేని జట్టు, గదులు ఎలా పుట్టాలో నియమాలు రాసిపెడుతుంది. మిగతా పని కంప్యూటర్‌దే.

• ఈ పద్ధతికి పేరు తెచ్చిన గేమ్ ‘రోగ్’. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ దీన్ని మొదలుపెట్టారు. ఇందులో బొమ్మలే లేవు. ఈమెయిల్ చిరునామాలో వాడే ‘ఎట్’ గుర్తే హీరో, ఇంగ్లీషు అక్షరాలే రాక్షసులు.

• 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ కలిసి చేసిన ‘ఎలైట్’లో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 నక్షత్ర వ్యవస్థలు ఉన్నాయి. మొత్తం 2,048. అది నడిచిన బీబీసీ మైక్రో కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లే! అన్నిటి వివరాలూ దాచే చోటు లేక, కొన్ని అంకెల నుంచి అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించారు.

• 2016లో వచ్చిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’కి కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే సమకూర్చుకున్నాడు. నాలుగేళ్లకు పైగా పట్టింది.

• గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజిన్‌ను 2014 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు కుదిరేవి కావు. ‘లక్ష్మి’ అని రాస్తే తెరమీద క, పొల్లు, ష విడివిడిగా పడేవి. 2023లో వచ్చిన 4.0 వెర్షన్‌తో ఆ ఇబ్బంది తీరింది.

తెలుగులో గేమ్ చేయడానికి ఇప్పుడు లిపి అడ్డం కాదు, ఇంజిన్ ఖర్చూ అడ్డం కాదు. చిన్నదే అయినా ఒక గేమ్ పూర్తిచేసి పదిమంది చేత ఆడించండి. ఈ విద్య పట్టుబడేది అలాగే.