ఇంటిలోని రెండు కంప్యూటర్లకు పొత్తు కుదరనప్పుడు

మెదకు జిల్లా నిజాంపేటలో మన సంఘసభ్యు లొకరి యింట రెండు కంప్యూటర్లు కలవు. ముందుగదిలోని పెద్దదానియందు పొలము లెక్కలు, అప్పు కాగితములు, మట్టిపరీక్ష చీటీలు ఉన్నవి. చిన్నది కుమారునిది, ప్రింటరు దానికే తగిలించియున్నది. గడచిన యాసంగిలో పంట రుణము కాగితములు అచ్చువేయవలసిన దినముననే పెద్దదాని ఫోల్డరు చిన్నదానికి కానరాకపోయెను. “సారూ, మొన్నటిదాక మంచిగ తెరుచుకున్నది, ఇయ్యాల ఎవరో తాళమేసినట్టున్నది” అని ఆయన మాకు కబురంపిరి.

పెన్‌డ్రైవుతో ఆ దినము గడచినది. కాని యొక లెక్కకు రెండు ప్రతు లేర్పడి, ఒకదానిలో కట్టిన కిస్తు రెండవదానిలో లేకపోయెను. బాకీ లెక్కలో ఇది చిన్న విషయము కాదు.

మేము మొదట తీగెలు కదిపి, యంత్రములు ఆర్పి వెలిగించి, అరగంట వ్యర్థపుచ్చితిమి. నిన్నటికిని నేటికిని ఏమి మారినదని ముందే యడుగవలసినది. పాత రౌటరు చెడిపోగా క్రొత్తది పెట్టించిరట! రౌటరు మారినచో విండోస్ దానిని ఎరుగని చోటుగా నెంచి, పబ్లిక్ నెట్‌వర్కు క్రింద కట్టుటయు కలదు. సంతకు పోయినవాడు డబ్బుసంచి బిగించి పట్టుకొనునట్లు, అప్పుడు కంప్యూటరు తన ఫోల్డర్ల నెవరికిని చూపదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరచి, రెండింటను ప్రైవేట్ నెట్‌వర్క్ అని మార్చితిమి. నెట్‌వర్క్ డిస్కవరీయు, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగును ఆన్ చేసితిమి.

ఇంతకుముందే చూడదగిన దొకటి కలదు. రెండును ఒకే రౌటరుపై నుండవలెను. అతిథుల వైఫైకి తగిలినది ఇంటివానిని చేరలేదు. ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞ నిచ్చినచో అంకె కనబడును. 169.254తో మొదలైనచో రౌటరు ఆ యంత్రమునకు చిరునామా ఈయలేదని యర్థము. పేరు కానరాకున్నను, ఫైల్ ఎక్స్‌ప్లోరరు పైపట్టీలో \\192.168.1.5 అనునట్లు పెద్దదాని అంకెను కొట్టిచూడవచ్చును. పింగునకు బదులు రాలేదని మాత్రము నిరాశపడరాదు. ఫైర్‌వాల్ దానిని మ్రింగివేయుట కలదు.

ఫోల్డరు కనబడినది గాని పాస్‌వర్డు అడిగెను. ఆయన రోజును వాడు నాలుగంకెల పిన్ను కొట్టిరి, చెల్లలేదు. పిన్ను ఆ యొక్క యంత్రమునకే పరిమితము; ఇచట ఖాతా అసలు పాస్‌వర్డు కావలెను. అదియు నిచ్చినపిమ్మట ఫైలు తెరచుకొనెను గాని మార్పు నిలువలేదు. షేరింగు అనుమతి యొకటి, సెక్యూరిటీ అనుమతి యొకటి. రెండింటిలో ఏది కఠినమో అదియే నెగ్గును. కుమారుని పేరిట రెండుచోట్లను వ్రాయు హక్కు నిచ్చితిమి.

ఈలోగా పొరుగువా రొకరు ఫైర్‌వాల్ ఆర్పి, పాత ఎస్‌ఎంబీ1 పద్ధతిని మరల తెరువుడని సలహా చెప్పిరి. మే మొప్పలేదు. 2017 మే 12న బయలుదేరిన వానాక్రై ఆ త్రోవనే ప్రాకి, బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కొన్ని కంప్యూటర్లకును సోకినది. చెదలు పట్టిన గాదెకు మరల ధాన్యము పోయుదుమా?

ఇప్పుడు కిస్తు లెక్క ఒకే ప్రతిగా పెద్దదానిలో నున్నది. పెన్‌డ్రైవు ప్రతిని కొట్టివేయించితిమి. పాస్‌వర్డును మాత్ర మాయన గోడ క్యాలెండరుమీద వ్రాసిరి. వలదంటిమి గాని వినలేదు.