అనాబ్-ఎ-షాహి

ద్రాక్ష సమశీతోష్ణ మండలపు తీగ. అక్కడ శీతకాలంలో ఆకు రాల్చి నిద్రిస్తుంది. వసంతంలో చిగురించి కాస్తుంది. హైదరాబాదు చలి అంతటి నిద్రకు చాలదు. ఆ లోటును రైతు కత్తెర తీర్చింది. ఏప్రిల్‌లో తీగను కురుచగా కత్తిరిస్తే కొత్త కొమ్మలు వచ్చి, వాటి మొగ్గలలో పూగుత్తులకు అంకురార్పణ జరుగుతుంది. వానలు వెనుకపట్టిన పిదప, అక్టోబరులో, రెండవ కత్తిరింపు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు పంట. ఈ క్రమం తప్పి పండు వానలో చిక్కితే పగులుతుంది. తీగకు బూజు తెగులు సోకుతుంది. నాసిక్ ప్రాంతంలో వైన్ కొరకు పెంచే షెనిన్ బ్లాంక్, షిరాజ్ రకాలకు కూడా ఈ జంట కత్తిరింపే ఆధారం.

హైదరాబాదుకు కీర్తి తెచ్చినది మాత్రం తినే ద్రాక్షయే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ తోటలో వెలుగుచూసిన ఆ రకానికి అనాబ్-ఎ-షాహి, అనగా రాజద్రాక్ష, అని పేరు. పాతబస్తీ ఉర్దూ నుడికారానికి తగిన పేరే! కోలగా, లేతపసుపు వన్నెతో, పలుచని తొక్కతో ఉండే ఈ పండు విరగకాసేది. నగరం చుట్టూ పందిళ్లు వెలిశాయి.

గింజ ఉండుటే దానికి దోషమైంది. గింజలేని థాంప్సన్ రకం రాగా కొనుగోలుదారులు అటు మొగ్గారు. అంతకంటె పెద్ద దెబ్బ నగరం కొట్టింది. భూగర్భజలం అడుగంటింది; ఎకరాలుగా ఉన్న పందిళ్లు గజాల లెక్కన అమ్ముడుపోయాయి. నేడు చార్మినార్ చుట్టుపక్కల బండ్లపై ద్రాక్షకు కొదవ లేదు. అనాబ్-ఎ-షాహి మాత్రం అరుదు.