మిరియాల చారు

బాలలూ! మీ ఇంట్లో సాయంకాలం పోపు వేసేటప్పుడు మీరు ఎక్కడ ఉంటారు? పెరట్లో ఉన్నా, వీధి అరుగు మీద ఉన్నా ఆ చిటపట వినిపిస్తుంది. ఆ వెనకనే ఇంగువ వాసన వస్తుంది, నోట్లో నీళ్లూరతాయి. ఆ రెండు నిమిషాల్లో గరిటెలో ఏం జరుగుతున్నదో ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? నేను ముప్పయి అయిదేళ్లు పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పాను, హెడ్మాస్టరుగా రిటైరయాను. అయినా అరవైనాలుగో ఏడు వచ్చేదాకా పోపును దగ్గర నుంచి చూసినవాణ్ణి కాను.

ఆ సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట నా భార్య పోయింది. అప్పటి నుంచీ నాకు రెండు పూటలా క్యారియర్ భోజనమే. తినటమంటే గడియారం చూసుకుని చేసే పని అయిపోయింది. మంచినీళ్ల కోసం తప్ప వంటింట్లోకి వెళ్లేవాణ్ణి కాను. ఆ ఏడు వేసవి సెలవులకు మనవరాలు వచ్చింది. పదేళ్ల పిల్ల. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ గలగల మాట్లాడేది. ఇప్పుడు పుస్తకం పట్టుకుని ఒక మూల కూర్చునేది, కాని పేజీ తిప్పేది కాదు. నాకు చూస్తూ ఊరుకోవటం తప్ప ఏమీ తోచేది కాదు.

ఒక సాయంత్రం అకాలవర్షం పట్టుకున్నది. “తాతయ్యా, అమ్మమ్మ కాచే మిరియాల చారు కావాలి,” అన్నది పిల్ల.

“నాకు రాదు గదా, తల్లీ!”

“నాకు కూడా రాదు. ఇద్దరం కలిసి చేద్దాం.”

నిమ్మకాయంత చింతపండు నానవేశాం. మిరియాలూ జీలకర్రా రోట్లో కచ్చాపచ్చాగా దంచాం. చింతపండు పిసికి, నీళ్లు పోసి, ఉప్పూ పసుపూ దంచిన పొడీ కరివేపాకూ వేసి పొయ్యి మీద పెట్టాం. ఇంతవరకూ బాగానే ఉంది. పోపు దగ్గర వచ్చింది చిక్కు. నేను ఆవాలూ, జీలకర్రా, ఎండుమిరపకాయా, ఇంగువా అన్నీ ఒక్కసారే నేతిలో పడవేశాను. ఆవాలు చిట్లేలోగా తక్కినవన్నీ మాడి బొగ్గయినాయి. ఇల్లంతా ఘాటు! ఇద్దరం వరండాలోకి పరుగెత్తి దగ్గాం, తుమ్మాం, చివరకు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వాం. ఆ సెలవుల్లో ఆ పిల్ల నవ్వటం అదే మొదలు.

తరవాత వాళ్లమ్మకు ఫోన్ చేసి వరస కనుక్కున్నాం. ముందు ఆవాలు వెయ్యాలి. ఆవగింజ లోపల కొంచెం తేమ ఉంటుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నెయ్యి అంతకన్న బాగా ఎక్కువ వేడెక్కగలదు. గింజలోని తేమ ఆవిరి అయి, బయటికి దారి లేక పైపొరను పగలగొడుతుంది. చిటపట అంటే అదే. ఆ మోత తగ్గుతుండగా జీలకర్ర, మిరపకాయ. చిట్టచివర, మంట తగ్గించి, ఇంగువ. మంచి వాసననిచ్చే పదార్థాలు చాలామట్టుకు నీటిలో సరిగా కరగవు, నేతిలోనూ నూనెలోనూ కరుగుతాయి. అందుకే పోపు విడిగా వేసి చారులో కలుపుతాం. (గరిటె తడిగా ఉంటే నెయ్యి ఎగిరి చేతుల మీద పడుతుంది. కనక పోపు వేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.)

రెండోసారి పోపు చారులో పడగానే చుయ్యిమన్నది. వాసన గుప్పున లేచింది. పిల్ల కళ్లు మూసుకుని, “అమ్మమ్మ వచ్చినట్టుంది,” అన్నది. నాకూ అలాగే అనిపించింది. నేను కిటికీ వైపు తిరిగి కాసేపు వర్షం చూశాను.

వాసనకు ఇంత శక్తి ఎక్కడిది? మన ముక్కు లోపల, పైభాగాన, వాసనలను పట్టే కణాలున్నాయి. వాటిలో సుమారు 400 రకాల గ్రాహకాలు పనిచేస్తాయి. ఈ ఏర్పాటు ఎలాంటిదో 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులు తెలియజేశారు. 2004లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. చూసినదీ విన్నదీ మెదడులో ఒక మజిలీ దాటి వెళ్లాలి. వాసన కబురు మాత్రం దగ్గరి దారిన, మన సంతోషానికీ భయానికీ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలను చేరుకుంటుంది. అందుకే ఎన్నేళ్ల నాటి వంటిల్లో ఒక్క క్షణంలో కళ్లకు కడుతుంది.

మిరియం సంగతి కూడా విచిత్రమే. అది నాలుకను కాల్చదు, కాలినట్టు భ్రమ పెడుతుంది. వేడిని కనిపెట్టే గ్రాహకాన్నే మిరపకాయలోని కారం కూడా తట్టి లేపుతుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుక్కున్నది. ఆయనకు 2021లో నోబెల్ బహుమానం లభించింది. మిరపకాయ అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసువారి ఓడల తరవాతనే మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కారం మిరియమే. మిరపకాయ పేరులో ఆ పాత చుట్టరికం ఇంకా వినిపిస్తుంది.

ఆ సెలవుల్లో మేము రోజూ ఏదో ఒకటి వండాం. దిగులు పోయిందని చెప్పను. కాని పోపు ముందు నిలబడినవాడికి వేరే ఆలోచన పనికిరాదు. చెవి ఆవాల మీదా, ముక్కు ఇంగువ మీదా, చెయ్యి మంట మీదా ఉండాలి. ఆ అరగంట మనసుకు సెలవు. అరగంట చివర తినటానికి ఒకటి తయారవుతుంది, పక్కన తినే మనిషి ఉంటాడు. అలా అని వంట మందు కాదు. రోజుల తరబడి ఏమీ తోచక ఏడుపు వస్తుంటే అమ్మకో నాన్నకో చెప్పాలి; పెద్దవాళ్లయినా అంతే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక మాట తల్లిదండ్రులకు. మేము సరదాకి వండాం, మాకు సంతోషం కలిగింది. నా భార్య నలభై ఏళ్లు మూడు పూటలా వండింది. ఆమెకు అది ఎప్పుడు సరదాగా ఉండేదో, ఎప్పుడు విసుగ్గా ఉండేదో నేను ఒక్కనాడు కూడా అడగలేదు. చారు బాగుందని కూడా అన్న గుర్తు లేదు. చింతపండు పిసకటం, కరివేపాకు దూయటం ఎనిమిదేళ్ల మగపిల్లవాడు చెయ్యలేని పని కాదు, వాడి తండ్రి చెయ్యలేనిది అంతకన్నా కాదు.

క్యారియర్ ఇప్పుడు మధ్యాహ్నం మాత్రమే వస్తుంది. రాత్రికి నేనే అన్నం వార్చుకుని చారు కాచుకుంటాను. ప్రతి ఆదివారం మనవరాలు ఫోన్ చేస్తుంది. మొన్న గరిటెను పొయ్యి దగ్గర పెట్టుకుని పోపు వేస్తూ ఫోన్ ఆ పక్కన పెట్టాను.

“ఆవాలు ఇంకా చిట్లుతున్నయ్యి, తాతయ్యా! ఇంగువ అప్పుడే వెయ్యకు,” అన్నది.