ఎండ ఒక్కటే ఎముకను నిలబెట్టదు

"రోజంతా ఎండలో పనిచేసేవాళ్లకు విటమిన్ డి కొరతేంటి?" అని చాలామంది అంటుంటారు. అందులో సగమే నిజం.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. అది కాలేయంలో ఒకసారి, కిడ్నీలో మరోసారి మారాకే పనికొచ్చే హార్మోన్ అవుతుంది. తిండిలోని కాల్షియంను రక్తంలోకి దాటించే ప్రొటీన్లను ఈ హార్మోనే చిన్నపేగులో తయారు చేయిస్తుంది. విటమిన్ డి సరిపడా ఉంటే తిన్న కాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంటికి పడుతుంది. లేకపోతే 10 నుంచి 15 శాతమే.

రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు సరిగా పనిచేయవు. అందుకే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. దాంతో పిల్లల కాళ్లు వంకరపోతాయి. పెద్దల ఎముకలు మెత్తబడి నడుము, తొడలు నొప్పి పెడతాయి.

తిరుపతి పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టణవాసుల కన్నా పల్లె జనంలో విటమిన్ డి ఎక్కువగా కనిపించింది. కానీ వాళ్ల తిండిలో కాల్షియం బాగా తక్కువ. గింజల్లో ఉండే ఫైటేట్ ఎక్కువ. ఇది ఉన్న కాస్త కాల్షియంను కూడా పట్టేస్తుంది. పేగు దగ్గర తలుపు తెరిచి ఉన్నా లోపలికి వచ్చే సరుకే లేదన్నమాట.

నగరంలో ఆ తలుపు కూడా సరిగా తెరుచుకోదు. చర్మానికి పనికొచ్చే ఎండ మధ్యాహ్నానికి అటూ ఇటూ ఉంటుంది. చీకటితోనే రోడ్లూడ్చే సఫాయి కార్మికురాలికి, నాలుగు గోడల మధ్య పాచిపని చేసే మహిళకు, ఇరుకు గదిలో పెరిగే బస్తీ బిడ్డకు అది అందడం కష్టం.

సికింద్రాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి సిఫారసు చేసింది. పాలతోనే ఆ కాల్షియం రావాలంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగు తాగాలి. కూలి డబ్బులతో ఇంటిల్లిపాదికీ అన్ని పాలు కొనగలమా? రేషన్‌లో ప్రధానంగా వచ్చే బియ్యంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాముల కాల్షియం కూడా ఉండదు. అదే రాగుల్లో 360 దాకా ఉంటుంది. మొలకెత్తిస్తే ఫైటేట్ కూడా తగ్గుతుంది. ముళ్లతో తినే చిన్న ఎండుచేపల్లో కాల్షియం, గుడ్డు సొనలో కొంత విటమిన్ డి దొరుకుతాయి.

2013 ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు రోజూ గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. రేషన్‌లో రాగులు, అంగన్‌వాడీలో కోత లేని గుడ్డు, సఫాయి కార్మికులకు పని వేళల్లోనే ఉచిత రక్తపరీక్ష అడగడం దయ కోరడం కాదు, హక్కు అడగడం.