మా పాలెం పేరు గుడ్డకెలా వచ్చింది?

కిందటేడు రంగుల రసాయన పాఠం అయ్యాక, మంజిష్ఠ వేరును ఇంగ్లీషులో ఏమంటారో చూద్దామని లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేశాను. 'మేడర్' అన్న మాటకు కాస్త పైన 'మడపోలం' కనిపించింది. తెల్లని మెత్తని నూలుగుడ్డ అని అర్థం. ఇండియాలోని ఓ ఊరి పేరు మీదుగా వచ్చిందట. ఆ ఊరు మరెక్కడో కాదు, నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయపాలెమే! మేం ఎరువు బస్తాలు తెచ్చుకునే దారి.

17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవారు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాల మిల్లు అనుకునేరు! సరుకు కొని, నిలవచేసి, ఓడకెక్కించే కోఠీ అన్నమాట. చుట్టుపక్కల పల్లెల్లో మగ్గాల మీద నేసిన గుడ్డ అక్కడికి చేరేది. కొన్నచోటి పేరే సరుక్కి పెట్టడం వర్తకుల అలవాటు. 'కాలికో' గుడ్డకు కోళికోడ్ పేరు వచ్చిందీ అలాగే. మాధవాయపాలెం దొరల నోట నలిగి మడపోలం అయింది. ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు భాషల్లోకీ పాకింది.

అసలు విచిత్రం తర్వాత జరిగింది. 19వ శతాబ్దంలో లాంకషైర్ మరమగ్గాలు ఆ రకం గుడ్డనే నేసి, ఆ పేరుతోనే మన దేశానికి అమ్మాయి. పేరు మనది, గుడ్డ వాళ్లది, డబ్బూ వాళ్లదే!

గోల్కొండ కథా ఇంతే. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి చోట్ల. అమ్మకం గోల్కొండ రాజ్యంలో. ఇంగ్లీషులో 'తరగని సంపద' అన్న అర్థం గోల్కొండకే దక్కింది. గనుల కోసం జనం ఎగబడిన అమెరికాలోని నెవాడాలో ఆ పేరుతో ఊరే వెలిసింది. కొల్లూరును తలచిందెవరు?

నాకు తోచిందేమంటే, లోకంలో తిరిగేది సరుకు చేతులు మారిన చోటి పేరు. చేసిన చేతుల పేరు కాదు.

ఇదంతా పాత కథే అనుకుందామంటే, మా ఇంట్లో పొలం పనులు లేని మధ్యాహ్నాలు అమ్మ అరుగు మీద కూచుని లేసు అల్లుతుంది. చుట్టూ ఎన్నో పల్లెల ఆడవాళ్లు అల్లేదీ అదే. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పేపర్లో ఆ వార్త చదివి వినిపిస్తే, అమ్మ సూది ఆపకుండానే అడిగింది: "అయితే డజనుకి ఎంత పెంచుతార్రా?"

మడపోలం నేసినవాళ్లకు దొరకని జవాబే అది. లేసు విషయంలోనైనా మనం వెతకొద్దా?